నాబియిలి చెట్టూ, చచ్చిన బోరింగూ

ముందుగా

నేను ఏది చెప్పినా అసలు కొలత కంటే పెద్దగానే ఉంటుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. "పెరట్లో పాము" అని నేను కేక పెడితే మా ఆవిడ నిమ్మళంగా చీపురు తీసుకుని వానపాము కోసం వెతుకుతుంది. విడపనకల్లులో నా స్నేహితులు నా మాటలకు ఒక లెక్క కూడా కట్టారు. ఎత్తులు చెప్తే సగం, జనాన్ని చెప్తే పావు, నా ధైర్యం గురించి చెప్తే సున్నా. మీరూ అదే లెక్క వాడుకోండి. ధరలూ, మా స్తంభం కొలతలూ మాత్రం చీటీల మీద రాసుకున్నవి, వాటికి కోత అక్కర్లేదు. ఇవి కాక ఒక్క చోట మాత్రం పెంచడంతో ఆగకుండా జరిగినదాన్నే తిప్పి రాశాను. అదెక్కడో చివర్లో చెప్తాను.

రెండువేల అయిదులో నేనూ, ముదిగుబ్బ ఖాజా కలిసి పశ్చిమ ఆఫ్రికాలో ఘనా అనే దేశానికి ఇంటర్నెట్ వేయడానికి పోయాం. తీగ లాగే పని కాదు. టౌన్లో టవర్ మీద ఒక డిష్, ఇరవై కిలోమీటర్ల అవతల పల్లెలో స్తంభం మీద ఇంకో డిష్. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవాలి, మధ్యలో ఏదీ అడ్డం ఉండకూడదు. వైర్‌లెస్ అంటే అంతే. మా అనంతపురం పల్లెల్లో ఇలాంటివి కొన్ని నిలబెట్టిన అనుభవం మా ఇద్దరికీ ఉంది. కొలతలు, కాగితాలు నావి. పైపులు, వెల్డింగు, ఎక్కడం ఖాజావి. అంతకుముందు పదేళ్ళు అతను బోర్లు వేసే లారీ మీద పనిచేశాడు.

మమ్మల్ని పంపింది బెంగళూరు కంపెనీ ఒకటి. ఫిబ్రవరిలో నాకు ఒంట్లో బాగా లేకపోతే ఖాజా ఒక్కడే పోయి, దారి చూసి, కొలతలు రాసుకొచ్చాడు. స్తంభం నిలబెట్టడానికి జులైలో ఇద్దరం పోయాం. ఇది ఆ జులై ప్రయాణం.

అక్రా

రెండోసారి పోతున్నవాడై ఉండీ ఖాజాకు విమానంలో సీటు బెల్టు పెట్టుకోవడం రాలేదు. మొదటిసారి పోతున్న నేనే పెట్టాను. కొందరి తీరు అంతే.

అక్రా వాళ్ళ రాజధాని. అప్పట్లో మన ఒక్క రూపాయికి వాళ్ళ సెడీలు రెండు వందల దాకా వచ్చేవి. మా దగ్గరున్న డాలర్లు మారిస్తే గోనెసంచీ నిండింది. (సగం చేసుకోండి.) ఖాజా ఆ సంచీని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అన్నా, మా నాయన బతికింటే చూసి కండ్లు తిరిగి పడిపోయేటోడు. ఇన్ని దుడ్లు."

"టీ రెండు వేలప్పా ఈడ."

"ఒకటే తాగుదాం అయితే. చెరిసగం."

మంచినీళ్ళు ప్లాస్టిక్ సంచుల్లో అమ్ముతారు. మూల పంటితో కొరికి పీల్చాలి. సంచీ మూడొందల సెడీలు, అంటే మన రూపాయిన్నర. ఖాజా బోరు లారీ మనిషి కాబట్టి సంచీని రెండు చేతులా గట్టిగా పట్టి కొరికాడు. ధార నేరుగా పోయి, పక్కన నిలబడ్డ పోలీసాయన చొక్కా జేబులో పడింది. మా వైపు అయితే ఆ తర్వాత జరిగేది వేరే కథ. ఆయన జేబులోంచి కాగితాలు తీసి, విదిలించి, "మా దేశానికి స్వాగతం" అన్నాడు.

అక్కడివాళ్ళు మాతో మాట్లాడింది ఇంగ్లీషులో. నేను దాన్ని తెలుగులో చెప్పబోతే మా యాసలోకి దిగిపోతుంది. నాకు తెలిసిన తెలుగు అదొక్కటే. కాబట్టి ఇక నుంచి ఘనావాళ్ళు అనంతపురం వాళ్ళలా మాట్లాడితే తప్పు వాళ్ళది కాదు.

ఉత్తరానికి బస్సు

అక్రా నుంచి ఉత్తరాన టమాలే టౌనుకు బస్సులో ఒక జన్మ పట్టింది. మా పక్క సీట్లో ఒక లావుపాటి ఆవిడ ఆకు పొట్లం విప్పింది. బియ్యం, అలసందలు కలిపి వండిన అన్నం, పైన కారం, ఉడికిన గుడ్డు. ఎర్రగా, వాసనగా ఉంది. ఆవిడ మా వైపు తిరిగి, "రాండి, తిందురు" అంది.

మా వైపూ ఈ మాట ఉంది. అన్నం ముందు కూర్చున్నవాడు వాకిట్లో పోయేవాణ్ణి "రాప్పా, తిందువు" అంటాడు. పోయేవాడు "ఇప్పుడే తిన్నా" అని పోతాడు. ఇద్దరికీ తెలుసు అది మాట వరసకని. పరదేశంలో ఈ ఆచారమే ఉంటుందని మాకు తట్టలేదు. పిలిస్తే కాదనడం మర్యాద కాదనుకుని, చెయ్యి కడుక్కుని, చెరొక పక్క కూర్చుని తిన్నాం. గుడ్డు ఖాజా తిన్నాడు. తర్వాత బస్సు ఆగిన చోట నేను ఇంకో పొట్లం కొనిచ్చాను, అయిదు వేల సెడీలు. ఆవిడ దాన్ని విప్పి, ఈసారి కిటికీ వైపు తిరిగి తింది.

దారి పొడుగునా చెదపుట్టలు. ఒక్కొక్కటి పెనుకొండ కోట బురుజంత. నేల ఎర్రగా మా నేలలాగే ఉంది, వేరుశనగ చేలు మా చేలలాగే ఉన్నాయి. కానీ పైన ఆకాశం మాత్రం పనిచేస్తోంది. టమాలే చేరేలోపే వాన మొదలైంది. అనంతపురంలో మూడేళ్ళకు పడేది అక్కడ ఒక మధ్యాహ్నం పడింది. బస్సు దిగినవాళ్ళంతా రేకు కిందికి పరిగెత్తితే మేమిద్దరం వానలోనే నిలబడిపోయాం.

"ఈ వాన మన ముదిగుబ్బలో పడింటే, అన్నా..."

"పడింటే ఏం చేసేటోనివి?"

"నమ్మేటోన్ని కాదు."

నాబియిలి

మా పని నాబియిలి అనే పల్లెలో. అక్కడ ఒక చిన్న ఆస్పత్రి, దానికి గ్రేస్ అనే నర్సు. ఆమె దక్షిణాది మనిషి. నాలుగేళ్ళ కింద బదిలీ మీద వచ్చి అక్కడి భాష నేర్చుకుంది. డాక్టరు టమాలేలో ఉంటాడు. మధ్యలో ఒక వాగు.

"వాన పడితే వాగొస్తాది. వాగొస్తే మూడు దినాలు టౌనుకు దారి లేదు. ఒక మందు ఎంత ఇయ్యాల అని డాక్టర్ను అడగాలన్నా వాగు తగ్గాల. మీ ఇంటర్నెట్టు వాగు మీద నుంచి పోతాదంట గదా?" అని అడిగింది.

పోతుందన్నాను.

ఆ ఊళ్ళో పలకరింపులు చాలా పొడుగు. పొద్దున బాగా తెల్లారిందా, ఇంట్లో బాగున్నారా, పిల్లలు బాగున్నారా, పని ఎట్లుంది, అలసట ఎట్లుంది. ప్రతిదానికీ గొంతుక్కూర్చుని జవాబివ్వాలి. స్నానానికి బయలుదేరినవాణ్ణి మళ్ళీ స్నానం వేళకు చేరాను. పిల్లలు నన్ను చూసిన వెంటనే పేరు పెట్టి "రెడ్డీ, రెడ్డీ" అని వెంటబడ్డారు. ఖాజా ఫిబ్రవరిలో నా గురించి గొప్పగా చెప్పి ఉంటాడు.

భోజనం చూసి ఖాజా కండ్లు చెమర్చాయి. మొక్కజొన్న పిండితో మా సంగటిలాంటి ముద్ద, దాని మీద వేరుశనగ పులుసు. కుడిచేత్తో ముద్ద చేసి, ముంచుకుని, నమలకుండా మింగాలి. ఇన్ని వేల మైళ్ళు వచ్చి చూస్తే ఎదురుగా సంగటీ శెనక్కాయ. "ఇంత దూరం విమానమెందుకన్నా, ఎవరో మనల్ని మోసం చేసి ధర్మవరం చుట్టూ తిప్పి తెచ్చినారు" అన్నాడు.

చెట్టు

మరునాడు ఆస్పత్రి పక్కన నలభై అడుగుల స్తంభం నిలబెట్టాం. డిష్ బిగించి టమాలే వైపు తిప్పాం. సిగ్నల్ లేదు. ఎడమకు జరిపాం, కుడికి జరిపాం. లేదు. ఖాజా పైకెక్కి చాలాసేపు చూశాడు.

"అన్నా, టౌను కనపడల్యా. చెట్టు కనపడతాంది."

స్తంభానికి ఎదురుగా, కాస్త మిట్ట మీద, నూరడుగుల చెట్టు. వాళ్ళు దాన్ని షియా చెట్టంటారు. ముదురాకు పచ్చ, ఒత్తుగా, తడితడిగా. తడి ఆకు ఈ సిగ్నల్‌ను గోడలా ఆపేస్తుంది.

ఫిబ్రవరి కాగితం తీసి చూశాను. అడ్డంకులు అన్న గడిలో ఇలా ఉంది: "ఎండిన చెట్టు ఒకటి. లెక్కలోకి రాదు." ఖాజా చేతిరాత అచ్చం నా చేతిరాతలాగే ఉంటుంది, ఏం చేస్తాం.

ఈ తప్పు కృష్ణా గోదావరి వైపు మనిషి చేయడు. అనంతపురం మనిషే చేస్తాడు. మా వైపు ఫిబ్రవరిలో ఒక్క ఆకు లేకుండా, బెరడు పగిలి నిలబడిన చెట్టు ఏప్రిల్‌కల్లా కట్టెల అడితికి పోతుంది. ఎండింది అంటే ఎండిందే. వాన పడుతుందని లెక్కలోకి తీసుకుని పనిచేసే అలవాటు కూడా మాకు లేదు. ఈ చెట్టేమో ప్రతి ఏడూ ఎండాకాలం ఆకు రాల్చి, మళ్ళీ చిగురించే రకం.

ఖాజాను తిట్టాల్సినంత తిట్టాను.

మా కంపెనీ మేనేజరు అక్రాలో ఉన్నాడు. గ్రేస్ దగ్గర సెల్ ఫోన్ ఉంది, అది ఆస్పత్రి నీళ్ళ ట్యాంకు మీదికెక్కితేనే, అదీ వానల్లేనప్పుడే పలుకుతుంది. ఎక్కాను.

"ఒక్క చెట్టా? కొట్టేయండి. ఎంతోకొంత ఇచ్చేద్దాం. సోమవారం దుడ్డు పెట్టినోళ్ళు చూడ్డానికి వస్తాండారు" అన్నాడు. ఆ రోజు గురువారం.

చెట్టు మేమునా అనే ఆవిడది. యాభై ఏళ్ళుంటాయి, భర్త లేడు. ఆ చెట్టు గింజల నుంచి వెన్న తీసి సంతలో అమ్ముకుంటుంది. వంటకూ అదే, ఒంటికీ అదే. కబురు తెలిసి, కాయలు ఏరుతున్న తట్ట నెత్తి మీద పెట్టుకునే వచ్చింది. గొంతు పెంచలేదు. మామూలు పలకరింపులన్నీ అయ్యాకే మొదలుపెట్టింది. గ్రేస్ మాకు చెప్తూ వచ్చింది.

"దీన్ని ఎవరూ నాటరు. అదే మొలుస్తాది. నేను పెండ్లై వచ్చినప్పుడు నా మోకాలెత్తు ఉండె. ఇరవై ఏండ్లు చూసినా కాయ కోసం. ఎండాకాలంలో మీవాడు దీని కింద నిలబడి రాసుకుంటాంటే, ఇది బతికే ఉందని గోరుతో గీకి లోపల పచ్చ చూపించినా. తలకాయ ఊపినాడు. నవ్వినాడు. రాసుకుని పోయినాడు."

ఈ మాటలంటూ ఆమె నన్నే చూస్తోంది. ఇద్దరిలో పెద్దవాణ్ణి కదా, జవాబు నేను చెప్పాలనుకుని ఉంటుంది.

గ్రేస్ తన మాట కూడా చెప్పింది. "నాకిది కావాల. చానా కావాల. కానీ ఆమె చెట్టు కొట్టించి, ఆ మొద్దు పక్కన కూచోని, ఈ ఊర్లో సూది ఎట్ల ఏసేది?"

పెద్దాయన కొలువు

చెట్టు సంగతైనా ఏ సంగతైనా ఊరి పెద్దాయనే తేల్చాలి. ఆయన దగ్గరికి ఉత్త చేతులతో పోకూడదు, కోలా కాయలు పట్టుకుపోవాలి. వక్కలాంటివే, చేదు. చెప్పులు, టోపీ తీసేసి, గొంతుక్కూర్చుని, మెల్లగా చప్పట్లు కొట్టాలి. పెద్దాయన జంతువుల తోళ్ళ మీద కూర్చున్నాడు. నేను లెక్కపెట్టినప్పుడు నలభై తోళ్ళు. ఆయనతో నేరుగా మాట్లాడకూడదు, పక్కనున్న మనిషితో చెప్తే అతను చెప్తాడు. గ్రేస్ ఆ మనిషికి, ఆ మనిషి పెద్దాయనకు. నా ఒక్క ముక్క ఆయన చెవిన పడి జవాబు వచ్చేలోపు కోలా కాయ నమిలి, ఉమ్మి, ఇంకోటి నోట్లో వేసుకోవచ్చు. మా ఎమ్మార్వో ఆఫీసు కంటే నయం, జవాబంటూ వచ్చింది.

"నేను కొట్టమంటే కొడతారు. కానీ ఆమెకు ఇంకో చెట్టు నేనీలేను. ఇంకో దావ ఉందేమో వెతుక్కోండి. లేకుంటే ఆదివారం రాండి" అన్నాడు.

దావ నాకు తెలుసు. స్తంభం ఇంకో ఇరవై అడుగులు పెరగాలి. కానీ మా దగ్గర పైపు లేదు. సరైన పైపు అక్రా నుంచి రావాలి, మూడు వారాలు. టమాలేకు పోదామంటే ఆ పొద్దునే వాగొచ్చింది.

వాకిలి దాటుతుండగా ఖాజా ఆగిపోయాడు. పెద్దాయన ఇంటి పక్కన, ముళ్ళకంప మధ్య, చేతి బోరింగు. మా ప్రతి ఊళ్ళో ఉండేదే. అదే పిడి, అదే మూతి, అదే సిమెంటు గద్దె. మూతి మీద తుప్పు.

"ఇది పలుకుతాందా?" అని గ్రేస్‌ను అడిగాడు.

"రెండేండ్లుగా లేదు. నీళ్ళ ఆఫీసు నుంచి మనిషి వస్తాడని చూస్తాండారు."

ఖాజా నా వైపు తిరిగి, "అన్నా, దీంట్లో పైపులుంటాయి గదా" అన్నాడు.

బోరింగు

మళ్ళీ వెనక్కి పోయి, చెప్పులు విప్పి, చప్పట్లు కొట్టాం. ఈసారి పెద్దాయన చాలాసేపు నోట్లో కాయ నమిలాడు.

"దాన్ని పీకితే ఇంక ఆఫీసు మనిషి రాడు. అది నిలబడి ఉన్నంతకాలం వస్తాడని చెప్పుకోవచ్చు. ముందు అది బతికి ఉందో లేదో చూడు."

ఖాజా పానాలతో బోరింగు తల విప్పాడు. లోపలి కడ్డీలు తీశాడు. తాడుకు పెద్ద బోల్టు కట్టి దించాడు. ఊరంతా చుట్టూ నిలబడింది, రెండు వేల మంది. (అయిదు వందలనుకోండి.) తాడు దిగుతూ పోయి ఒక చోట ఆగింది. పైకి లాగి బోల్టును అరచేతిలో పెట్టుకుని చూశాడు. పొడి మట్టి. ఇంకోసారి దించాడు. మళ్ళీ పొడి మట్టి. లేచి, దుమ్ము దులుపుకుని, పెద్దాయన ముందుకు పోయి కూర్చున్నాడు. మధ్యనున్న మనిషి సంగతి మర్చిపోయి నేరుగా ఆయనతోనే, తెలుగులోనే మాట్లాడాడు. నేను గ్రేస్‌కు చెప్తూ పోయాను.

"ఇది చచ్చిపోయినాది పెద్దాయనా. అడుగున పూడిపోయినాది. దీంట్లో ఇంక నీళ్ళు రావు."

"నిజంగానా?"

"మా నాయన ఆరు బోర్లు ఏసినాడు. ఇదో పడతాది, అదో పడతాదని చెప్పి పోయినోళ్ళు చానామంది. ఆయన ఏడోదానికి జాగా చూస్తా చూస్తా పోయినాడు. నేను మీకు అట్ల చెప్పను."

పెద్దాయన తన దగ్గరున్న కోలా కాయ విరిచి సగం ఖాజాకిచ్చాడు. "రెండేండ్లకు ఒక మనిషి వచ్చి చూసి చెప్పినాడు. తీసుకోండి" అన్నాడు. ఒక షరతు పెట్టాడు. ఇంటర్నెట్టు పనిచేస్తే, కొత్త బోరు కోసం నీళ్ళ ఆఫీసుకు తన ఉత్తరం దాని మీదే పోవాలి.

శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం దాకా పైపులు పీకాం. పదడుగులకొక కప్లింగు, అన్నీ తుప్పుతో బిగిసిపోయి ఉన్నాయి. ఖాజా ఒక పానా కింద, ఒక పానా పైన వేసి, పిడికి పొడుగాటి గొట్టం తొడిగి, ఊరి మగవాళ్ళను దాని మీద వేలాడమన్నాడు. ఒక్కో కప్లింగు విడిపోయినప్పుడల్లా పదిమంది ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆడవాళ్ళు నవ్వారు. మేమునా మాత్రం కాస్త దూరంగా కూర్చుని, తట్టలో కాయలు వలుస్తూ, పైకొచ్చిన ప్రతి పైపునూ వేలు ముడిచి లెక్కపెట్టింది. ఆరు కావాలని ఆమెకు ఎవరో చెప్పారు.

ఆరొచ్చాయి. ఆస్పత్రి జనరేటర్ మీద ఖాజా వెల్డింగు చేశాడు. రెండేసి పైపులు కలిపి, ఆ మూడింటినీ త్రికోణంగా చేర్చి, మధ్య మధ్య ఇనుప ముక్కలు అతికి, ఇరవై అడుగుల తునక తయారు చేశాడు. ఆదివారం దాన్ని పాత స్తంభం నెత్తి మీద ఎక్కించి, నాలుగు వైపులా స్టే వైర్లు లాగి కట్టాం. నా పని కింద నిలబడి "జాగ్రత్త" అనడం. బాగా చేశాను.

ఖాజా పైనుంచి, "అన్నా, టౌను కనపడతాంది" అన్నాడు. కిందున్న పెట్టెలో పచ్చ లైటు వెలిగింది.

నేను సంతోషపడలేదు. ఎండలో వెలగడం పెద్ద సంగతి కాదు. మూడింటికి వాన వచ్చింది. గ్రేస్, మేమునా, ఖాజా, నేను, నలుగురం వరండాలో నిలబడి ఆ లైటునే చూశాం. ఎదురుగా చెట్టు పూర్తిగా తడిసి, నల్లబడి, ఊగుతోంది. లైటు ఒకసారి మినుకుమంది. తర్వాత అలాగే ఉండిపోయింది.

గ్రేస్ డాక్టరుకు ఒక ముక్క రాసింది, ఒక పసిబిడ్డకు ఇవ్వాల్సిన మందు గురించి. వాగు నిండుగా పారుతుండగానే మూడు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, చేతులు కడుక్కుని లోపలికి పోయింది. తర్వాత పెద్దాయన ఉత్తరం పంపాం. దానికి జవాబు మేమున్నన్నాళ్ళు రాలేదు. సోమవారం రావాల్సినవాళ్ళు వాగు దాటలేక బుధవారం వచ్చారు.

బయలుదేరే రోజు మేమునా వచ్చి, ఆకులో చుట్టిన వెన్నముద్ద ఒకటి నా చేతిలో పెట్టింది.

ఇక ఒప్పుకోవలసింది

చెదపుట్టలు బురుజులంత లేవు. తోళ్ళు నాలుగే. చెట్టు యాభై అడుగులు దాటదు. వీటన్నిటికీ మీరు ముందే కోత వేసి ఉంటారు. తిప్పి రాసింది ఫిబ్రవరిని.

ఫిబ్రవరిలో ఘనాకు పోయింది ఖాజా కాదు. నేను. ఖాజాకు పాస్‌పోర్టు వచ్చిందే జూన్‌లో. అందుకే అతనికి సీటు బెల్టు పెట్టుకోవడం రాలేదు, అందుకే పిల్లలకు నా పేరు తెలుసు. చెట్టు కింద నిలబడి, ఆమె బెరడు గీకి చూపిస్తుంటే తల ఊపి, నవ్వి, "ఎండిన చెట్టు ఒకటి, లెక్కలోకి రాదు" అని రాసింది నేనే. ఆమె మాట్లాడుతున్నంతసేపూ నన్ను చూసింది అందుకే. ఖాజాను నేను తిట్టలేదు. అతను కూడా నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ కాగితం చదివి, మడిచి, నా జేబులో పెట్టి, "స్తంభం పెంచల్లన్నా" అన్నాడు.

ఇదంతా రాశాక ముదిగుబ్బ పోయి అతనికి చదివి వినిపించాను. తప్పు తన మీద వేసిన చోట కూడా కదలకుండా విన్నాడు.

"నా పేరే ఉండనీ అన్నా, నాకేం పోతాది. ఆ వెన్న సంగతి మాత్రం సరిగా రాయి. అది నాకిచ్చింది."

అవును. వెన్నముద్ద మేమునా ఖాజాకిచ్చింది. నన్ను రమ్మని సైగ చేసి చెట్టు దగ్గరికి తీసుకుపోయింది. నా చెయ్యి పట్టుకుని, బొటనవేలి గోరు బెరడుకు ఆనించి, గట్టిగా కిందికి లాగింది. ఆకులతో, కాయలతో నిండుగా ఉన్న చెట్టు. బతికుందని చూపించడానికి గీకాల్సిన అవసరమే లేదు. అయినా గీకించింది. లోపల పచ్చగా ఉంది. గీత పొడవు ఒక అంగుళం. దీన్ని మాత్రం సగం చేసుకోకండి.